ఒకే కంప్యూటర్‌లో నాలుగు తెలుగు కీబోర్డులు: మా ఇంట్లో వాడి చూశాక నా రివ్యూ

మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. దాని మీద తెలుగు కొట్టేవాళ్లం ముగ్గురం. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో తొమ్మిదేళ్లు ఆపరేటర్‌గా చేసి, ఇప్పుడు ఇంటి దగ్గరే శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు చేసి ఇస్తున్నాను. నా వేళ్లకు అను స్క్రిప్ట్ మేనేజర్ (ఇకపై అను) అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఆపిల్ అనే కీల అమరిక తప్ప ఇంకోటి ఎక్కదు. మామయ్యగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీల అమరిక నేర్చుకుని తన పద్యాలు తానే కొట్టుకుంటారు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, దానికి ఫోన్‌లో లాగా ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేయాలి, అందుకని విండోస్‌లోని ఫొనెటిక్. ఈ మూడూ కాక అవసరాన్ని బట్టి బ్రౌజర్‌లో తెరుచుకునే లేఖిని అనే వెబ్ పేజీ.

కార్డు పని మీద వచ్చినవాళ్లు స్క్రీన్ మీద ఇవన్నీ చూసి "ఇన్నెందుకండీ, ఏదో ఒకటి పెట్టుకుంటే పోదా" అంటారు. డీటీపీ చేసే స్నేహితులైతే "మేమూ రెండు మూడు వేశాం, ఒకదాంతో ఒకటి కొట్టుకుంటున్నాయి, నీ దగ్గర ఎలా నడుస్తున్నాయి" అని ఫోన్ చేస్తుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. నాలుగూ ఒకే మెషీన్‌లో ఉండొచ్చు, ఉండాలి కూడా. టైపింగ్ అంటే చేతి అలవాటు, ఒకరి అలవాటును ఇంకొకరి మీద రుద్దితే ఇంట్లో ఎవరో ఒకరు తెలుగు రాయడమే మానేస్తారు, మా ఇంట్లో ఒక ఏడాది అలాగే జరిగింది. కాకపోతే ఒక్క సమయంలో ఒక్క సాఫ్ట్‌వేరే కీలను ముట్టుకోవాలి, ఎవరు ఎలా కొట్టినా చివరికి మ్యాటర్ మాత్రం యూనికోడ్‌లోనే, అంటే ఏ భాష అక్షరానికైనా అన్ని కంప్యూటర్లలో ఒకే నంబరు ఉండే పద్ధతిలోనే, దాచాలి. ఈ రెండూ పాటిస్తే గొడవ లేదు.

గొడవ ఎందుకు వస్తుందో ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని వైరస్ అనుకుని డబ్బులిచ్చి మరీ విండోస్ మళ్లీ వేయించుకుంటున్నారు. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్లు రెండు జాతులు. ఒకటి విండోస్‌లోనే ఉండే కీబోర్డులు, ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ లాంటివి. మీరు కీ నొక్కితే విండోసే ఆ అక్షరానికి యూనికోడ్‌లో ఉన్న నంబరు తీసి మీరు తెరిచిన ప్రోగ్రాముకి ఇస్తుంది. రెండో జాతి డీటీపీ సెంటర్లలో వాడే పాతకాలపు సాఫ్ట్‌వేర్లు. ఇవి మెమరీలో కూర్చుని ఉంటాయి, మీరు కీ నొక్కగానే దాన్ని దారిలో పట్టుకుని, దాని బదులు తమ ఫాంటులో ఆ ముక్క ఎక్కడుందో ఆ కోడ్ పంపిస్తాయి. రెండు జాతులూ ఒకేసారి ఆన్‌లో ఉంటే ఒకటి మార్చి పంపినదాన్ని ఇంకోటి మళ్లీ మారుస్తుంది, లేదా మొదటిది వదిలేసిన కీని రెండోది అందుకుంటుంది. స్క్రీన్ మీద సగం ఫాంటు ముక్కలు, సగం యూనికోడ్ అక్షరాలు, మధ్యలో ప్రశ్నార్థకాలు. చూస్తే గుండె జారిపోతుంది కానీ కంప్యూటర్‌కి ఏమీ కాలేదు.

నాకు ఇది తెలిసిన రోజు బాగా గుర్తు. మాఘమాసం ముహూర్తాలు, ఎనిమిది వందల కార్డుల ఆర్డరు, తెల్లారేసరికి ప్రెస్‌కి ఫైలు ఇవ్వాలి. దానికి రెండ్రోజుల ముందే ఎవరో బాగుందన్నారని ఒక ట్రయల్ టైపింగ్ సాఫ్ట్‌వేర్ వేసి, నచ్చక మూసేశాను, తీసెయ్యలేదు. అది కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తనంతట తానే మొదలవుతోందని నాకు తెలీదు. ఆ రాత్రి పెళ్లికూతురి పేరు దగ్గర "లక్ష్మి" కొడితే ల పడుతోంది, ఆ తర్వాతదంతా చెత్త. ఫాంటు పాడైందనుకుని ఫాంట్లన్నీ మళ్లీ వేశాను. అను తీసి మళ్లీ వేశాను. మా ఆయన కీబోర్డే పోయిందేమోనని పక్కింటి నుంచి ఇంకో కీబోర్డు పట్టుకొచ్చారు. రాత్రి ఒంటిగంటకు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే ట్యాబ్ చూస్తే అక్కడ కూర్చుని ఉంది ఆ ట్రయల్. డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేశాను, లక్ష్మి చక్కగా పడింది. ఆ కార్డు నాలుగింటికి పూర్తయింది.

అందుకే కొత్తది ఏది వేసినా నేను ముందు చేసే పని స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్లి దాన్ని ఆపెయ్యడం. అవసరమైనప్పుడు నేనే తెరుస్తాను, పని కాగానే కింద గడియారం పక్కనున్న చిన్న గుర్తు మీద రైట్ క్లిక్ చేసి పూర్తిగా బయటికి పంపుతాను. కిటికీ మూసినంత మాత్రాన ఇవి పోవు, ఆ గుర్తు ఉందంటే అది ఇంకా కీలు వింటోందనే అర్థం. అను తెరిచే ముందు విండోస్ భాష గుర్తు ఇంగ్లీషులో ఉందా లేదా చూసుకోవాలి. విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే భాషలు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి, రెండు సెకన్ల పని. మామయ్యగారు పద్యం రాసి లేచి వెళ్లాక ఇన్‌స్క్రిప్ట్ అలాగే ఉండిపోయి నాకు మొదటి లైనంతా పాడయ్యేది రోజూ.

దానికి విండోస్‌లోనే మందు ఉంది, చాలామందికి తెలీదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో టైపింగ్, అందులో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌కి వెళితే, ఒక్కో యాప్ కిటికీకి ఒక్కో ఇన్‌పుట్ పద్ధతి వాడుకోనివ్వు అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే మామయ్యగారి లిబ్రేఆఫీస్ రైటర్ కిటికీలో ఇన్‌స్క్రిప్ట్, నేను పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో ఇంగ్లీషు, అమ్మాయి బ్రౌజర్‌లో ఫొనెటిక్ దేనికది ఉంటుంది, కిటికీ మారితే భాషా మారుతుంది. మా ఇంట్లో సగం చిరాకు ఆ ఒక్క టిక్‌తో తగ్గింది. ఇంకా మంచి పద్ధతి ముగ్గురికీ మూడు యూజర్ అకౌంట్లు. మేము మామయ్యగారికి మాత్రం వేరే అకౌంట్ పెట్టాం, ఆయనకు అక్షరాలు పెద్దవిగా కావాలి కాబట్టి. నేనూ అమ్మాయీ ఒకటే వాడుకుంటున్నాం.

ఇంకో సంగతి, ఇది పట్టుకోవడానికి నాకు నెలలు పట్టింది. పేజ్‌మేకర్ లాంటి పాత ప్రోగ్రాములు కొత్త విండోస్‌లో సరిగ్గా తెరుచుకోకపోతే రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని పెడతాం కదా. విండోస్ విస్టా నుంచీ ఒక రక్షణ ఉంది, మామూలుగా నడిచే ప్రోగ్రాము అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రాము కీలను ముట్టుకోకూడదు. అంటే పేజ్‌మేకర్ ఆ హోదాలో ఉండి, తెలుగు సాఫ్ట్‌వేర్ మామూలుగా ఉంటే మీరు ఎంత కొట్టినా ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. నోట్‌ప్యాడ్‌లో తెలుగు వస్తుంది, పేజ్‌మేకర్‌లో రాదు, పిచ్చెక్కిపోతుంది. రెండిటినీ ఒకే హోదాలో తెరవండి, అంతే.

ఇక ఒక్కోదాని గురించి.

అను స్క్రిప్ట్ మేనేజర్ లేకుండా నా పని నడవదు, ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆంధ్రా తెలంగాణల్లో ఏ ఊరి డీటీపీ సెంటర్‌కి వెళ్లినా ఆపరేటర్ చేతికి అలవాటైనది ఎక్కువగా ఇదే, ప్రెస్‌వాళ్ల దగ్గర పాత ఫైళ్లన్నీ ఈ ఫాంట్లలోనే ఉంటాయి. అక్షరాల అందం గురించి చెప్పాలంటే, శుభలేఖ మీద పెట్టే లావు హెడ్డింగు, వంపులు తిరిగిన అక్షరం, కరపత్రానికి దూరం నుంచి కనపడే మొండి అక్షరం, ఏది కావాలన్నా ఉంది. చెయ్యి అలవాటైతే వేగం కూడా దీనిదే. నేను చూడకుండా కొడతాను, కళ్లు కాయితం మీదే ఉంటాయి.

దీని పరిమితి అందరికీ తెలిసిందే, అది ఆ కాలంలో తయారైన అన్ని ఫాంట్లకూ ఉన్నదే. ఇవి యూనికోడ్ ఫాంట్లు కావు. అప్పట్లో ఒక ఫాంటులో 256 గడులకు మించి ఉండేవి కావు, ఆ కాసిని గడుల్లో తెలుగు అక్షరాలను ముక్కలు చేసి సర్దారు. అది గొప్ప పనే, ఆ పని చేసినవాళ్ల వల్లే మన పుస్తకాలూ పత్రికలూ కంప్యూటర్ మీదికి వచ్చాయి. కానీ కంప్యూటర్‌కి మాత్రం అవి తెలుగు అని తెలీదు, ఏవో ఇంగ్లీషు గుర్తులనుకుంటుంది. ఆ ఫాంటు లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే చెత్త కనపడుతుంది. గూగుల్‌లో వెతికితే దొరకదు. మీ కంప్యూటర్‌లోనే ఐదేళ్ల కిందటి కార్డు "సత్యనారాయణ" అని వెతికితే రాదు. నేను డీటీపీ సెంటర్‌లో ఉన్నప్పుడు ఒక ఊరి చరిత్ర మొత్తం, మూడు వందల పేజీలు పైనే, కొట్టి ఇచ్చాను. ఆ పెద్దాయన పోయాక వాళ్లబ్బాయి సీడీ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు, "అక్కా, ఇందులో నాన్న రాసింది ఉంది, మా కంప్యూటర్‌లో ఏవో గుర్తులు వస్తున్నాయి" అని. ఆ ఫైలు తెరిచి, మార్చి, ప్రూఫ్ చూసి ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. డబ్బులు తీసుకోలేదు. మ్యాటర్ యూనికోడ్‌లో దాచాలని నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి ఆ సీడీయే కారణం.

మార్చడానికి కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, అను నుంచి యూనికోడ్‌కి, యూనికోడ్ నుంచి అనుకి. ఈ రోజుల్లో రెండోదే ఎక్కువ అవసరం, ఎందుకంటే అందరూ మ్యాటర్ వాట్సాప్‌లో పంపిస్తున్నారు, అది యూనికోడ్, దాన్ని తీసుకెళ్లి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే వరుసగా ప్రశ్నార్థకాలు పడతాయి. పేజ్‌మేకర్ యూనికోడ్ ఎరగదు, 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త వెర్షనే రాలేదు. కాబట్టి కన్వర్టర్‌లో వేసి, వచ్చినదాన్ని పేస్ట్ చేసి, అప్పుడు ఫాంటు మార్చాలి. ఎంత మంచి కన్వర్టరైనా ప్రూఫ్ చూడకుండా ప్రెస్‌కి ఇవ్వకండి. నేను ముందు మూడు చోట్ల చూస్తాను: ఒత్తు కింద ఒత్తు వచ్చే మాటలు, అంటే లక్ష్మి, శాస్త్రి, స్వాతంత్ర్యం లాంటివి, పొల్లుతో ఆగే ఇంగ్లీషు మాటలు, ఇంకా అంకెల పక్కనున్న చుక్కలూ గీతలూ. ముహూర్తం టైములో చుక్క ఎగిరిపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

పాత 6.5 పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం నేను చేసిన ఏర్పాటు కూడా చెబుతాను, ఇది చాలా బాగా పనిచేస్తోంది. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపించే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి అందులో పాత విండోస్ ఎక్స్‌పీ, దాని లోపల పాత పేజ్‌మేకర్, పాత తెలుగు సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఎక్స్‌పీ సీడీ, కీ నా దగ్గర పాత మెషీన్‌తో వచ్చినవి ఉన్నాయి. ఒక జీబీ ర్యామ్ ఇస్తే ఎక్స్‌పీ పరిగెడుతుంది, మా మెషీన్‌లో మొత్తం ఎనిమిది ఉంది కాబట్టి పైన విండోస్ 11కి లోటేమీ లేదు. దీని వల్ల పెద్ద లాభం, లోపలి తెలుగు సాఫ్ట్‌వేర్ లోపలే ఉంటుంది, బయట మామయ్యగారి ఇన్‌స్క్రిప్ట్‌తో దానికి పనే లేదు. కీలు లోపల చిక్కుకుపోయినట్టు అనిపిస్తే కుడివైపు కంట్రోల్ కీ నొక్కండి, బయటికి వచ్చేస్తాయి. ఒక్క జాగ్రత్త, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ నుంచి మైక్రోసాఫ్ట్ మరమ్మతులు ఆపేసింది, దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తీసేసి, ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ ద్వారా మాత్రమే అటూ ఇటూ మార్చుకోండి.

ఇన్‌స్క్రిప్ట్ గురించి మామయ్యగారు రాస్తే ఇంకా బాగుండేది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ దీన్ని ప్రామాణికంగా ఖాయం చేసింది. దీని గొప్పతనం అన్ని భారతీయ భాషలకూ ఒకటే అమరిక కావడం. క ఉన్న కీ మీదే హిందీ క, కన్నడ క. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు, అందుకని చేతులు రెండూ వంతులవారీగా నడుస్తాయి, లయ ఒకటి వస్తుంది. "తెలుగు" అని కొట్టాలంటే ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ, ఆరు కీలు. ఇంగ్లీషు స్పెల్లింగుతో దీనికి ఏ సంబంధమూ లేదు, అదే మొదట్లో భయపెడుతుంది. మామయ్యగారు డెబ్బై రెండో ఏట మొదలుపెట్టి, ఒక అట్ట మీద అమరికంతా రాసి మానిటర్ కింద అంటించుకుని, రోజుకు ఒక పద్యం చొప్పున కొట్టారు. నలభై రోజులకు అట్ట తీసేశారు.

ఆయనకు ఇదే ఎందుకు కావాల్సి వచ్చిందంటే, పాత తెలుగు అక్షరాలు ఇందులో తిన్నగా దొరుకుతాయి. షిఫ్ట్ పట్టుకుని జే నొక్కితే బండి ఱ. ఎక్స్ నొక్కితే సున్న, షిఫ్ట్‌తో ఎక్స్ నొక్కితే అరసున్న. "ఫొనెటిక్‌లో నేను ఏమి రాయాలనుకున్నానో అది ఊహిస్తుందమ్మా, నాకు ఊహించేది అక్కర్లేదు, నేను చెప్పింది రాసేది కావాలి" అన్నారు ఒకసారి. పద్యం రాసేవాళ్లకు ఆ మాట ఎంత నిజమో. గణం కోసం ఒక్క అక్షరం దీర్ఘం తీసేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పనుకుని దిద్దకూడదు. పద్యాలు, పాఠాలు, పరిశోధన, ఇలాంటి గట్టి పని చేసేవాళ్లకు నేను ఇన్‌స్క్రిప్టే చెబుతాను. డబ్బు పెట్టక్కర్లేదు, విండోస్‌లో ఉంది, లినక్స్‌లో ఉంది, వేరే ఊరు వెళ్లి ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా భాషల్లో తెలుగు చేర్చుకుంటే చాలు. వేగం గురించి అడిగితే, "లక్ష్మి"కి ఇన్‌స్క్రిప్ట్‌లో ఏడు కీలు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా ఏడే, తేడా అంతా అలవాటులోనే.

ఫొనెటిక్ 2019 మే నెల అప్‌డేట్‌తో విండోస్ 10లోకి వచ్చింది, పది భారతీయ భాషలకు ఒకేసారి, తెలుగుతో సహా. ఇప్పుడు 11లోనూ ఉంది. భాషల సెట్టింగ్స్‌లో తెలుగు పక్కన ఆప్షన్స్‌లోకి వెళ్లి యాడ్ ఎ కీబోర్డ్ నొక్కితే తెలుగు ఫొనెటిక్ కనపడుతుంది, తెలుగు చేర్చగానే తనంతట తాను రాదు, అది గుర్తుంచుకోండి. కొట్టేకొద్దీ మాటలు చూపిస్తుంది, మనం ఎంచుకోవచ్చు. మా అమ్మాయి దీని వల్లే కాలేజీ వాల్ మ్యాగజైన్‌కి తెలుగులో రాసింది, అంతకుముందు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి నన్ను కొట్టి పెట్టమనేది. నాకు ఆ ఒక్క కారణం చాలు దీన్ని మెచ్చుకోవడానికి. అయితే ణ, న తేడా, ళ, ల తేడా పిల్లలు పట్టించుకోరు, జాబితాలో పైన ఏది కనపడితే అది నొక్కేస్తారు. పెద్దవాళ్లు ఒకసారి చదివి దిద్దాలి.

లేఖిని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏమీ వేసుకోనక్కర్లేని తెలుగు పెట్టె అది. బ్రౌజర్‌లో తెరిచి, పైన ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కింద తెలుగు వస్తుంది, కాపీ చేసి ఎక్కడ కావాలంటే అక్కడ పేస్ట్ చేసుకోవడమే. ఆర్‌టీఎస్ అనే పద్ధతి మీద నడుస్తుంది, అమెరికాలో రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి. అందులో చిన్న టీకి త, పెద్ద టీకి ట, చిన్న ఎన్‌కి న, పెద్ద ఎన్‌కి ణ. ఊహించడం ఉండదు, కొట్టింది కొట్టినట్టు పడుతుంది. ఒకే కంప్యూటర్‌లో చాలా సాఫ్ట్‌వేర్లు పెట్టుకునేవాళ్లకు దీని విలువ ఇంకోటి ఉంది. ఇది కీలను దారిలో పట్టుకునే రకం కాదు, తన పేజీ దాటి బయటికి రాదు. అందుకని మెషీన్‌లో ఏది ఎలా చెడినా, భాష గుర్తు ఇంగ్లీషులో పెట్టి లేఖిని తెరిస్తే తెలుగు వస్తుంది. ఆ మాఘమాసం రాత్రి నాకు ఇది గుర్తొచ్చి ఉంటే కనీసం మ్యాటర్ కొట్టి పక్కన పెట్టుకునేదాన్ని. దూర దేశాల్లో ఆఫీసు కంప్యూటర్‌లో ఏమీ వేసుకోనివ్వని చోట మా చెల్లెలు ఇప్పటికీ దీంతోనే నాకు ఉత్తరాలు రాస్తుంది.

కొన్నాళ్లు కీమ్యాన్ అనే ఇంకో టైపింగ్ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టాను. ఉచితం, శుభ్రంగా ఉంది, విండోస్ కీబోర్డుల వరసలోనే కలిసిపోతుంది. మా ముగ్గురికీ అప్పటికే చేతులు కుదిరాయి కాబట్టి తీసేశాను, దానిలో లోపం చూసి కాదు.

కీబోర్డులు కుదిరాక ఇంకో చిక్కు వస్తుంది, యూనికోడ్‌లో కొట్టిన తెలుగు కొన్ని ప్రోగ్రాముల్లో ఒత్తులు విడిపోయి కనపడుతుంది. అది కీబోర్డు తప్పు కాదు, అక్షరాలు కలిపే పని ఆ ప్రోగ్రాము చెయ్యాలి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ నుంచీ వరల్డ్-రెడీ కంపోజర్ అని ఉంది, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో దాన్ని ఎంచుకుంటే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ కింద ఇలాంటిదే ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో అయితే లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చెయ్యాలి, అప్పుడు తెలుగుకి వేరే ఫాంటు, వేరే సైజు పెట్టుకునే వీలు వస్తుంది. మామయ్యగారు "సైజు పెంచుతున్నాను, ఇంగ్లీషు పెరుగుతోంది, తెలుగు పెరగడం లేదు" అని రెండు రోజులు అవస్థపడింది దీని వల్లే. డబ్బు పెట్టలేనివాళ్లకు స్క్రైబస్ 1.6 ఉంది, పేజీలు కట్టడానికి ఉచితం, తెలుగు ఒత్తులు బాగానే కలుపుతోంది.

యూనికోడ్ ఫాంట్లు అందంగా ఉండవనే మాట నేనూ అనేదాన్ని, ఇప్పుడు అనను. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చినవి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నవి చూడండి. హెడ్డింగుకి రామభద్ర, ధూర్జటి, లోపలి మ్యాటర్‌కి మండలి, కాస్త పాత పుస్తకం అందం కావాలంటే సూరన్న, పెద్దన. మామయ్యగారి పద్యాల పుస్తకానికి పోతన ఫాంటు అనుకున్నాం. నా కార్డుల్లో ఇప్పుడు మూడో వంతు ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంట్లతోనే వెళుతున్నాయి, కార్డు చేయించుకున్నవాళ్లు ఎవరూ తేడా అడగలేదు. మిగతా రెండు వంతులకు ఆ వంపుల అక్షరాలే కావాలంటారు, వాటికి అను. అలాంటివి కూడా కార్డు పూర్తయ్యాక మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫ్ చూసి, తేదీ, ఇంటి పేరు వేసి ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా దాస్తున్నాను. అన్నకు కార్డు చేసినవాళ్లే చెల్లెలికీ నా దగ్గరికే వస్తారు, గోత్రం, తాతల పేర్లు, ఊరు అన్నీ వెతికితే దొరుకుతాయి.

కొత్తగా పెట్టుకునేవాళ్లకు నేను చెప్పేది, ముందు విండోస్‌లోని ఇన్‌స్క్రిప్ట్ గానీ ఫొనెటిక్ గానీ చేర్చండి, లేఖినిని బుక్‌మార్క్ చేసుకోండి, ప్రెస్ పని చేసేవాళ్లయితేనే అను కొనండి, సొంతంగా డబ్బు కట్టి లైసెన్సుతో కొనండి. క్రాక్ చేసిన దొంగ కాపీలతో వచ్చే తంటాలు ఇంకో పెద్ద కథ. వేసినప్పుడు ఒక్కసారి ఒక్కటే వేసి, ఒక వారం వాడాక రెండోది వెయ్యండి, అప్పుడు గొడవ వస్తే దేని వల్లో తెలుస్తుంది.

మామయ్యగారి పుస్తకం ఇప్పుడు 140 పేజీలకు వచ్చింది. ఆయన ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టిన మ్యాటర్ తిన్నగా నా ఇన్‌డిజైన్‌లోకి వస్తోంది, మార్చే పనే లేదు. ఒక్క అక్షరం దగ్గర ఆగాం. పాత పద్యాల్లో మాట చివర వచ్చే నకారపొల్లు (న్) ఆయనకు పాత రూపంలోనే కావాలి. అది యూనికోడ్‌లోకి 2021లో 14.0 వెర్షన్‌తో చేరింది, నంబరు ఉంది, మా దగ్గరున్న ఫాంటులో బొమ్మ లేదు, ఖాళీ గడి పడుతోంది. ఆయన ఆ గడులను అలాగే ఉంచమన్నారు. మీలో ఎవరి దగ్గరైనా ఆ అక్షరం సరిగ్గా చూపించే, పుస్తకానికి పనికొచ్చే ఫాంటు ఉంటే పేరు చెప్పండి.